ముప్పై ఏడో ఫోటో

రీలు కెమెరాల రోజుల్లో ఒక రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. డబ్బా మీద అదే రాసి ఉండేది. కానీ రీలును ఎక్కించేటప్పుడు మొదట్లో వృథాగా పోయే ఫిల్మును కాస్త మిగుల్చుకోగలిగితే, చివర్లో ఇంకొకటి పడుతుంది. నందికొట్కూరు గురుస్వామికి ఆ పనితనం ఉండేది. ముప్పై ఆరు పెళ్ళివాళ్ళవి. ముప్పై ఏడోది తనది.

ఆ ఏర్పాటు ఆయన భార్య చౌడమ్మ చేసింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, ఎవరి పెళ్ళిలోనో ఎంగిలి విస్తరాకులు ఎత్తుతున్న ముసలామెను తీసిన ఫోటో ఒకటి ఆమె కంటపడింది. ఇది ఎవరు తీయమన్నారని అడిగింది. ఎవరూ తీయమనలేదని గురుస్వామి చెప్పాడు. "వాళ్ళవి వాళ్ళకియ్యి. ఒగటి నీకు పెట్టుకో" అంది.

ఇద్దరూ మగ్గాల ఇండ్లలో పుట్టినవాళ్ళే. గురుస్వామి సొంతూరు కోడుమూరు. తండ్రి నేసిన చీర అడిగేవాడు లేక ఇంట్లోనే మడత పడి ఉండడం చూసి, ఆ మగ్గం గుంటలో తాను కాళ్ళు పెట్టనని కెమెరా పట్టుకున్నాడు. చౌడమ్మకు చదువు రాదు. బట్ట చూడడం వచ్చు. మగ్గం మీది నుంచి దిగిన చీరను వెలుతురుకు పట్టుకొని, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నేసేవాడి మనసు పక్కకు పోయిందో చెప్పేది. ఫోటోను కూడా అట్లాగే కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసేది. నచ్చితే "ఉండాది" అనేది. నచ్చకపోతే "లేదు" అనేది. ఏముందో, ఏం లేదో ఎన్నడూ చెప్పలేదు. గురుస్వామి అడగనూ లేదు.

గంగాళం అంచుకు గడ్డం ఆనించి నిద్రపోయిన వంటమనిషి. కొడుకు తాళి కడుతుంటే చేతి గడియారం చూసుకుంటున్న తండ్రి. అప్పగింతలప్పుడు ఏడుపు రాక, ఏడ్చేవాళ్ళ ముఖాలు చూసి నేర్చుకుంటున్న చెల్లెలు. చౌడమ్మ 'ఉండాది' అన్నవన్నీ ఒక రేకు పెట్టెలో చేరాయి. ఇరవై ఆరేండ్లలో అరవై ఒకటి. వాటిలో ఒక్కటి కూడా ఏ పెళ్ళి ఆల్బంలోనూ నిలవలేదు. తొలిరోజుల్లో ఒకసారి ధైర్యం చేసి అంటిస్తే, ఆ ఇంటాయన గోటితో గీరి ఊడబీకి, అక్కడ తన బావమరిది ఫోటో పెట్టమన్నాడు. రీళ్ళు పోయి మెమరీ కార్డులు వచ్చాక లెక్కే లేకుండా పోయింది. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య దాని పేరు ముప్పై ఏడోదే.

నాలుగేండ్ల కిందట చౌడమ్మ పోయింది. కిడ్నీలు. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు బస్సులో కర్నూలుకు తీసుకుపోయి తీసుకొచ్చాడు. దినాల నాడు జనం వచ్చి అన్నం తిని పోయారు. ఆమె మంచిదన్నారు. వాళ్ళలో ఒక్కరికీ ఆమె ఏం చూడగలదో తెలియదు.

ఆ తర్వాత ముప్పై ఏడోది పడలేదు. మొదట్లో రెండు మూడుసార్లు తీశాడు. కిటికీ దగ్గర పట్టుకొని నిలబడ్డాడు. ఉందా లేదా చెప్పేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు ఆయన కన్ను కూడా వెతకడం మానేసింది. మిగిలింది పని. పెళ్ళికి నెల ముందే జంటను ఓర్వకల్లు రాళ్ళలోకి తీసుకుపోయి, ఆ ఎండలో పిల్లకు నేల మీద ఈడ్చుకునే గౌను తొడిగి పరుగెత్తించాలి. పెళ్ళిలో తలల మీద డ్రోన్ తిప్పాలి. తాళి ఒకసారి దేవుడి కోసం, రెండుసార్లు వీడియో కోసం కట్టించాలి. అయ్యవారు కూడా ఇప్పుడు మంత్రం ఆపి కెమెరా వైపు చూసి, అయిందా అని అడిగి మళ్ళీ అందుకుంటాడు. గురుస్వామి ఇదంతా చేశాడు. బాగానే చేశాడు. ఈ మాఘం ముహూర్తాలు అయిపోగానే స్టూడియో బోర్డు దించేయాలని ఆయన లోపల అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు.

ఆ మాఘంలోనే శివాని పెళ్ళి వచ్చింది. నందికొట్కూరు దగ్గరి పల్లెలో భూములున్న కుటుంబం. పిల్ల తండ్రి పుల్లయ్య మూడేండ్ల కిందట ట్రాక్టరు బోల్తా పడి చనిపోయాడు. తల్లి స్వర్ణలత మరిది భూపేష్ ఇంట్లోనే ఉంటుంది. పెళ్ళి భారమంతా భూపేష్ నెత్తికెత్తుకున్నాడు. చెడ్డవాడు కాదు. అన్న బిడ్డకు తన బిడ్డకు చేసినట్టే చేశాడు. ఫోటోలు మాట్లాడుకునేటప్పుడు, ఆల్బం మాత్రం మా వదినకు చూపించి ఆయమ్మ సరేనన్నాకే అచ్చు వేయమని చెప్పి ఆమె ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆ మాట గురుస్వామికి నచ్చింది.

పెళ్ళి కర్నూలులో, నంద్యాల రోడ్డు మీది కళ్యాణ మండపంలో. తండ్రి లేడు కాబట్టి కన్యాదానానికి భూపేష్, ఆయన భార్య హర్షిణి పీటల మీద కూర్చున్నారు. తల్లి స్టేజీ ఎక్కలేదు. ఎక్కొద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ముత్తయిదువలు తిరిగేచోట మొగుడు పోయిన ఆడది ఎక్కడ ఉండాలో ఈ సీమలో ఆడపిల్లకు పాలతో పాటే పోస్తారు.

ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టారు. అక్షింతలు వాన కురిసినట్టు కురిశాయి. ఆ గందరగోళంలో వీడియోవాడి కెమెరా ముందు ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. మళ్ళీ ఒకసారి వేయండని వాడు అరిచాడు. జనం నవ్వుకుంటూ పళ్ళేలు నింపుకున్నారు. రెండోసారి వేసేదానికి గురుస్వామి అవసరం లేదు. ఆయన మొదటిసారే తీసేశాడు. మెడ నొప్పి పుట్టి వెనక్కి తిరిగాడు.

భోజనాల హాలు తలుపు దగ్గర, నీళ్ళ క్యాన్ల పక్కన, స్వర్ణలత నిలబడి ఉంది. పళ్ళెం తిప్పేవాళ్ళు చూసుకోకుండా ఆమెకు కూడా అక్షింతలు ఇచ్చినట్టున్నారు. కుడిచెయ్యి పిడికిలి గుండె దాకా లేచి, అక్కడ ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి పసుపు బియ్యం కనబడుతోంది. వంటింటి వైపు నుంచి వచ్చే తెల్లటి వెలుతురు సగం ముఖం మీద పడుతోంది. పెదవులు కొంచెం తెరిచి ఉన్నాయి. హాలంతా చేతులు పైకి లేస్తున్నాయి. ఆ ఒక్క చెయ్యి లేవలేదు.

గురుస్వామి ఒకటే తీశాడు. రెండోది తీయాలని కూడా అనిపించలేదు.

మరునాడు స్టూడియోలో దాన్ని పెద్దది వేసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "ఉండాది" అన్నాడు, పైకే. ఆ మాట తన గొంతులో వినడం అదే మొదటిసారి.

ఈసారి దీన్ని పెట్టెలో వేయనని అనుకున్నాడు. ఆల్బంలో పెడతాడు, రెండు పేజీలూ నిండేట్టు. అరవై ఒకటి చీకట్లో పడి ఉన్నాయి. అరవై రెండోది ఒక ఇంట్లో, మనుషుల చేతుల్లో ఉండాలి. అది నిలిస్తే బోర్డు ఉంటుంది. నిలవకపోతే దించేస్తాడు. ఇంత వయసు వచ్చిన మనిషి బతుకును ఒక ఫోటోకు ముడిపెట్టడం తెలివితక్కువ పని. ఆయనకూ తెలుసు.

కర్నూలు పాతబస్తీలో ఆల్బంలు కూర్చే లేవికి కార్డు తీసుకుపోయి ఇచ్చాడు. లేవి ఇరవై ఏండ్లుగా ఆయన పనే చేస్తున్నవాడు. నోరు ఊరికే ఉండదు. ఆ ఫోటోను చూసి మౌస్ వదిలేశాడు.

"అన్నా, ఇది పెండ్లి ఆల్బమా, దినాల ఆల్బమా?"

"పెట్రా."

"రెండు పేజీలా? పెండ్లికొడుకు మేనత్త సగం పేజీ ఇస్తేనే నన్ను నరుకుతాది."

"మేనత్తను తీసెయ్. ఇది పెట్టు."

లేవి పెట్టాడు. నాలుగు రోజులకు పేజీలన్నీ స్వర్ణలత ఫోనుకు పంపాడు.

పంపిన మరుసటి రోజు పదకొండు గంటలకు ఆమె స్టూడియోకు వచ్చింది. ఒక్కతే వచ్చింది, బస్సులో. భుజానికి ఒక సంచి. గురుస్వామి లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. ఆ ఫోటో ఇంకెవరైనా చూశారా అని అడిగింది. కర్నూలులో కూర్చినతను తప్ప ఎవరూ చూడలేదని చెప్పాడు. ఆమె ఒకసారి కళ్ళు మూసి తెరిచింది.

"తీసెయ్యప్పా దాన్ని."

ఇది వస్తుందని ఆయన అనుకోలేదు. భూపేష్ వద్దంటాడేమో, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వద్దంటారేమో అనుకొని, వాళ్ళకు చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఈమె వద్దంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అయినా చెప్పాడు. నాలుగేండ్లుగా తాను ఫోటో అనదగింది తీయలేదన్నాడు. ఆ పెళ్ళిలో తీసిన రెండు వేలలో ఫోటో అదొక్కటేనన్నాడు. బిడ్డను స్టేజీ కింది నుంచి చూసుకున్న తల్లి దుఃఖం రేపు ఆ బిడ్డకు తెలియొద్దా అని అడిగాడు. చెబుతూ ఉంటే తన మాటలు తనకే గొప్పగా వినబడ్డాయి.

స్వర్ణలత ఆపకుండా విన్నది. తర్వాత కంప్యూటరు దగ్గరికి వచ్చి, తెర మీద వేలు పెట్టింది.

"దుఃఖమా? ఈ మనిషి ఎవుర్ని సూస్తాందో సరిగా సూడు."

గురుస్వామి చూశాడు. ఫోటో తీసిన రోజు నుంచి వంద సార్లు చూసిన ముఖమే. ఆ చూపు స్టేజీ మీద ఎక్కడికి పోతుందో ఆయన లెక్క వేయలేదు. ఇప్పుడు వేశాడు. శివాని పీటల మీద, కింద కూర్చొని ఉంది. చూపు అంతకంటే పైకి ఉంది. అక్కడ, కన్యాదానం అయ్యాక లేచి, పిల్ల వెనక, పిల్ల భుజం మీద చెయ్యి వేసి నిలబడింది హర్షిణి.

"నా బిడ్డను నేను సూడలేదప్పా ఆ పొద్దు. ఆయమ్మనే సూస్తాన్నా. నా తావులో నిలబడిందని. సచ్చిపోతే బాగుండు అనుకున్నా. నా మరిది సచ్చిపోతే, ఆయమ్మ ఇట్ల నీళ్ళ క్యాన్ల కాడ నిలబడితే, నేను సూడాలనుకున్నా. అది పడింది నీ ఫోటోలో. వాళ్ళింట్లో వాళ్ళ కూడు తింటాండా నేను. వాళ్ళు ఇది సూస్తే నన్ను ఏమీ అనరు. మంచోళ్ళు. ఆ మంచితనంతోనే నన్ను సంపుతారు."

ఆమె అన్నది నిజమని ఫోటో చెబుతోంది. తాను దుఃఖమని తీసింది అసూయ. చౌడమ్మ ఉంటే కిటికీ దగ్గరే ఈ మాట పట్టుకొని ఉండేదా? పట్టుకున్నా, "ఉండాది" అని మాత్రమే చెప్పి ఊరుకునేదేమో. ఉన్నది ఏమిటో ఇరవై ఆరేండ్లలో ఆమె ఏనాడూ చెప్పలేదు కదా.

"బాగలేదని చెప్తాండానా అంటే, అది గాదు" అంది స్వర్ణలత. "శానా బాగుండాది. అందుకే వద్దంటాండా."

మళ్ళీ ఆమే అడిగింది. "మీ ఇంటామె పోయి ఎన్నేండ్లాయ?"

"నాలుగు."

"నువ్వు పీటల కాడికొచ్చి, మోకాళ్ళ మీద కూసోని, నా బిడ్డ జడలో పూలు సర్దినావు. నిన్ను దిగిపోమని ఎవురన్నా అన్యారా?"

లేదని ఆయన తల ఊపాడు. ఏ పెళ్ళిలోనూ ఎవరూ అనలేదు. అట్లా అనవచ్చునన్న సంగతి కూడా ఆయనకు ఆ నిమిషం దాకా తోచలేదు. కొన్ని వందల పెళ్ళిళ్ళలో స్టేజీల మీద తిరిగాడు. అందులో నాలుగేండ్లు పెండ్లాం పోయినవాడిగానే తిరిగాడు.

కంప్యూటరులోంచి తీసేశాడు. కార్డులోంచి తీసేశాడు. లేవికి ఫోన్ చేసి అక్కడా తీయించాడు. తీసేసినట్టు ఆమెకు ఒక్కొక్కటీ చూపించాడు. చివరికి కిటికీ పక్కన గోడకు ఆనించిన పెద్ద ఫోటో ఉంది. దాన్ని ఆమె చూడలేదు. చెప్పకుండా ఉంచుకోవచ్చు. దాన్ని కూడా తెచ్చి ఇచ్చాడు. దొంగతనంగా దాచిన ఫోటోను ఎవరికి చూపిస్తాడు?

స్వర్ణలత దాన్ని రెండుగా చింపింది, నాలుగుగా చింపింది. ముక్కలు సంచిలో వేసుకుంది. "నీ చెత్తబుట్టలో గూడ వద్దులే" అంది.

అప్పుడు కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి ఒక కవరు తీసింది. అందులో పుల్లయ్య ఫోటో ఉంది. కొత్త ట్రాక్టరు తెచ్చిన రోజు, తెల్ల చొక్కాతో, ట్రాక్టరు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలువునా నిలబడ్డాడు. అదే ట్రాక్టరు.

"ఆ రెండు పేజీలు ఖాళీ పెట్టొద్దప్పా. ఈయన్ని పీటల ఎనకాల నిలబెట్టు. ఈయప్ప పక్కన నన్ను నిలబెట్టు."

ఇట్లాంటివి ఇప్పుడు అందరూ చేయించుకుంటున్నారు. గురుస్వామి మాత్రం చేయనని ఇన్నాళ్ళూ పక్కకు పంపుతూ వచ్చాడు. పోయినవాళ్ళను తెచ్చి పెళ్ళిలో నిలబెట్టడం ఫోటో పని కాదని ఒకరిద్దరితో గొడవ కూడా పడ్డాడు. ఈరోజు ఆ మాట నోటికి రాలేదు.

"మీరు స్టేజీ మీద లేరు గదమ్మా" అన్నాడు.

"లేను. ఉంటే నిన్నెందుకు అడుగుతా?"

వెనక ఎక్కడ నిలబెట్టాలని అడిగాడు. భూపేష్, హర్షిణి నిలబడ్డ చోటే అని చెప్పింది. వాళ్ళ ఫోటోలు ఆల్బంలో నలభై ఉన్నాయి, ఒకదాంట్లో లేకపోతే వాళ్ళకేమీ కాదని కూడా చెప్పింది. గొంతులో కోపం లేదు. ఆలోచించుకొని వచ్చిన మనిషి.

గోడకు తెల్లగుడ్డ కట్టాడు. ఆమె దాని ముందు నిలబడింది. సంచిలో తెచ్చుకున్న పట్టుచీర కొంగు భుజాన కప్పుకుంది. నవ్వమని ఆయన చెప్పలేదు. తనే నవ్వింది. అద్దం ముందు సాధన చేసుకున్న నవ్వు. ఆయన తీశాడు.

"బొట్టు పెట్టు" అంది, తెర మీద తన ముఖం చూసి. "ఆయప్ప పక్కనుంటే నాకు బొట్టుంటాది గదా. పూలు గూడ పెట్టు."

ఆ పని లేవికి అప్పజెప్పి ఉండొచ్చు. ఆమె కూర్చొని చూస్తోంది. గురుస్వామి మౌస్ పట్టుకొని ఆమె నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా బొట్టు పెట్టాడు. కొంచెం కిందికి జరపమంది. జరిపాడు. తలలో కనకాంబరాలు పెట్టాడు, వేరే పెళ్ళిలో వేరే ఆమె తలలోవి తీసి. మొగుడి చొక్కా నలిగి ఉంటే దాన్ని సాపు చేయమంది. చేశాడు. ఆమె లేచి తెరకు దగ్గరగా వచ్చి చూసింది. ఆమె ముఖంలో ఏముందో గురుస్వామి చూడలేదు. కెమెరా బల్ల మీదే ఉంది. దాని వైపు చెయ్యి పోలేదు.

ఆల్బం అచ్చయి పోయింది. ఆ రెండు పేజీల దగ్గరికి వచ్చి భూపేష్ వెక్కివెక్కి ఏడ్చాడట. పేజీ మీద అన్న కాళ్ళకు దండం పెట్టాడట. తన చోట అన్న నిలబడ్డాడని ఆయన గమనించనే లేదు. హర్షిణి ఆ పేజీని ఫోన్లో తీసి బంధువులందరికీ పంపింది. శివాని అత్తగారి ఊరు రాజంపేట. అక్కడ కూడా దాన్ని చేతులు మార్చుకొని చూశారు. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని అడిగారు. గురుస్వామి ఫోన్ మోగడం మొదలైంది.

మా నాయన ఫోటో ఉంది, ఐడీ కార్డు మీదిది, నిలువునా చేయగలవా? మా అమ్మ కూర్చున్నది ఉంది, లేపి నిలబెట్టగలవా? తిరుపతి నుంచి ఒకాయన, కడప నుంచి ఇద్దరు. లేవి సంబరపడ్డాడు. "అన్నా, బతికున్నోళ్ళకంటే వీళ్ళే నయమన్నా. కండ్లు మూసినావని తిట్టరు, మళ్ళా తీయమనరు" అని నవ్వాడు. ఆ నవ్వులోనే, వదినది కూడా ఒకటి చేద్దామా అన్నా, నీ పక్కన నిలబెట్టి, అన్నాడు. గురుస్వామి తెర మీద అతికించిన బొమ్మ వైపు చూశాడు.

"లేదు" అన్నాడు.

లేవికి అది వద్దన్నట్టు వినబడింది.

మాఘం పోయింది. బోర్డు దిగలేదు. రంగు వెలిసిందని ఎవరో అంటే కొత్తది కూడా రాయించాడు. రేకు పెట్టెను అటక మీదికి ఎక్కించాడు, గిన్నెల వెనక. అరవై ఒకటి అరవై ఒకటిగానే ఉన్నాయి.

వైశాఖంలో నందికొట్కూరులోనే ఒక పెళ్ళి. ముహూర్తం దగ్గర పడింది. అక్షింతల పళ్ళేలు తిరుగుతున్నాయి. గురుస్వామి మెడ తిప్పాడు. షామియానా చివర, వంటపొయ్యిల వైపు, ఒక నడివయసు ఆమె వెదురుగుంజను పట్టుకొని నిలబడి ఉంది. బొట్టు లేదు. పొగలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆమె పెదవులు ఏదో తమలో తాము చెప్పుకుంటున్నాయి. పట్టిన చేతి కణుపులు తెల్లబడ్డాయి. పెళ్ళికొడుకు తల్లి అని, తండ్రి లేడని ముందే చెప్పారు.

ఆయన కెమెరాను కిందికి దించి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ ఆమె దగ్గరికి పోయాడు. పక్కనే స్కూలు గోడ ఉంది, కొత్తగా సున్నం కొట్టింది.

"అమ్మా, ఈ గోడ కాడికి రా ఒగసారి. తిన్నగా నిలబడు. తల పైకెత్తు. నవ్వు కొంచెం."

ఆమె ముఖం తుడుచుకొని నిలబడింది. నవ్వింది. ఆయన చూశాడు, చేత్తో సైగ చేశాడు.

"చెయ్యి ఒంటికి ఆనించొద్దు. ఎడమ పక్క ఇంకొంచెం తావు ఇడువమ్మా. ఆయప్ప నిలబడాల గదా."